చదరంగపుఁ బలకమీఁది వడ్లు



ఈ మాసమున మన శీర్షికయందు ఒకేయొక సంఖ్యనుగూర్చి ముచ్చటింపఁదలఁచితిని. అంకెలనఁగనే పుట త్రిప్పివేయు నలవాటు మనలోఁ గొందఱికిఁ గలదు. వారిని నేను తప్పుపట్టను. మనకు లెక్కలు చెప్పిన తీరే యట్టిది. కాని కుంచముతో వడ్లు కొలిచి, పాలవానికి నెలలెక్క కట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీ యెంత యగునో వ్రేళ్ళమీఁదఁ జెప్పఁగల యిల్లాలు తనకు లెక్కలు రావనుట వినినప్పుడు మాత్రము నాకు నవ్వు వచ్చును.

ఆ సంఖ్య యిది: 18446744073709551615. ఇరువది యంకెలు. మన పద్ధతిని గమకము లిచ్చి వ్రాసిన 1,84,46,74,40,73,70,95,51,615 అగును. నోటితోఁ జెప్పవలసినచో, ఒక లక్ష యెనుబదినాలుగువేల నాలుగువందల యఱువదియేడు కోటికోట్లు, దానిపై నలుబదినాలుగు లక్షల యేడువేల మూడువందల డెబ్బది కోట్లు, దానిపైఁ దొంబదియైదు లక్షల యేఁబదియొకవేల యాఱువందల పదునైదు. రామాయణమున యుద్ధకాండయందు శుకుఁడు రావణునకు వానరసేనను లెక్కించి చెప్పుచు కోటినుండి శంకువు, మహాశంకువు, వృందము మున్నగు పేర్లను ఒకదానికొకటి లక్షరెట్లుగాఁ బేర్కొనును. ఆ కొలఁదిని మన సంఖ్య 184 మహాశంకువులపైన నుండును గాని, ఒక్క వృందమునకైనఁ జాలదు. కావున వాల్మీకిమహర్షి లెక్కలో ఇది చిన్నదియే!

ఇది యెచ్చటనుండి వచ్చినది? చదరంగమును గనిపెట్టిన పండితుని కథను మీరందఱు వినియే యుందురు. వరము కోరుకొమ్మనిన రాజుతో నతఁడు, పలకమీఁది మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూఁడవ గడికి నాలుగు, ఇట్లు అఱువదినాలుగు గడులకును రెట్టించుచుఁ బొమ్మనెనఁట. రాజు నవ్వెను. కరణములు లెక్కకట్టి చెప్పినపిదప నవ్వు మానెను. ఇబ్న్ ఖల్లికాన్ అను అరబ్బు గ్రంథకర్త 13వ శతాబ్దమున నీ కథను వ్రాసియుంచినాఁడు. గింజలు గోధుమలని పరదేశపుఁ బుస్తకములు చెప్పును. మా సీమలో గోధుమలు పథ్యమునకే గాని పంక్తిభోజనమునకుఁ గావు. మొలగొలుకులకుఁ బేరువడిన నెల్లూరిలోఁ గూర్చుండి గోధుమలు కొలుచుట నావలనఁ గాదు గనుక వడ్లనే కొలిచెదను.

మొన్న మా పెరటిలో నెండఁబోసిన ధాన్యమునుండి వేయి గింజలు ఏఱి, కంసాలివారి త్రాసునఁ దూఁచితిని. ఇంచుమించు ఇరువది గ్రాములు తూఁగినవి. అనఁగా కిలో యొకటికి ఏఁబదివేల గింజలు. మా ప్రాంతమున నేఁటికిని ధాన్యమును బుట్టులలోనే బేరమాడుదురు. మా పుట్టి 850 కిలోలు. ఆ లెక్కను బుట్టికి నాలుగుకోట్ల యిరువదియైదు లక్షల గింజలు. దీనితోఁ బై సంఖ్యను భాగించిన 43,404 కోట్ల పుట్లు వచ్చును. టన్నులలోఁ జెప్పినచో సుమారు 36,900 కోట్లు. ఈ కాలమున లోకమంతయుఁ గలిసి సంవత్సరమునకుఁ బండించు ధాన్యము సుమారు 80 కోట్ల టన్నులు. ఒక్క గింజయైనఁ దినక, విత్తనములకైన మిగుల్పక పోగుచేసినను ఆ పండితుని బాకి తీఱుటకు 460 ఏండ్లు పట్టును. 2022లో విభజింపకమునుపు నెల్లూరు జిల్లా వైశాల్యము 13,076 చదరపు కిలోమీటర్లు. ఉదయగిరి కొండలనుండి మైపాడు సముద్రపుటొడ్డువఱకు ఆ నేల యంతయుఁ జదునే యనుకొని యీ ధాన్యమును బఱచినచో, నలుబదియెనిమిది మీటర్ల యెత్తున నిలుచును. రంగనాయకస్వామివారి గాలిగోపురము మునిఁగిపోవును, తాడిచెట్లు కానరావు.

మన తెనుఁగువారికి ఈ సంఖ్య క్రొత్తది గాదు. 9వ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుఁడను జైనపండితుఁడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని బావులూరి మల్లన 11వ శతాబ్దమునఁ దెనుఁగుపద్యములలోనికిఁ దెచ్చెను. మన భాషలో గ్రంథములు పుట్టుచున్న తొలినాళ్ళలోనే లెక్కల పుస్తకమొకటి పుట్టినదన్నమాట! చదరంగపు గడులను రెట్టింపఁగా వచ్చు మొత్తమును ఇరువది యంకెలతో ఒక్క చంపకమాలలో నిమిడ్చిన పద్యము మల్లనదిగాఁ బండితలోకమునఁ బ్రసిద్ధము. నాకు ఎనిమిదవయేట మా తండ్రిగారు దానిని గంఠస్థము చేయించిరి. అర్థము తెలియుటకు మఱి నాలుగేండ్లు పట్టినది, అది వేఱుమాట.

అంకెలకు బదులు వస్తువుల పేర్లు చెప్పుట అందలి కిటుకు. చంద్రుఁ డొక్కఁడే గనుక చంద్రుని పర్యాయపదములన్నియు ఒకటి. కన్నులు రెండు, అగ్నులు మూఁడు, వేదములును సముద్రములును బ్రహ్మముఖములును నాలుగు, మన్మథుని బాణములు ఐదు, ఋతువు లాఱు, కులపర్వతము లేడు, దిగ్గజము లెనిమిది, దేహమందలి రంధ్రములు తొమ్మిది, ఆకాశము శూన్యము. ఒకట్ల స్థానమునుండి మొదలిడి యెడమవైపునకు నడువవలయును. మన సంఖ్యలోఁ జివరి మూఁడంకెలు 615. దానినే ‘బాణ, చంద్ర, ఋతువు’ లనవచ్చును. ఒక్కొక యంకెకుఁ బర్యాయపదము లనేకము లుండుటచే గణములకు సరిపోవు మాటను గవి యేఱుకొనును. వ్రాయసగాఁడు అంకె తప్పుగా వ్రాసినఁ గనిపెట్టుట కష్టము. పద్యములో మాట తప్పినచోఁ జెవియే పట్టుకొనును. తాటాకుల కాలమున ఇరువది యంకెలు చెదరక వేయేండ్లు నిలిచినవనిన ఛందస్సు చేసిన కావలియే కారణము. మహావీరాచార్యుఁడు కొన్ని లబ్ధములను గంఠాభరణములతోఁ బోల్చినాఁడు. 152207ను 73చే గుణించిచూడుఁడు: ఎనిమిది యొకట్లు వరుసగాఁ గూర్చిన హారము వచ్చును. లెక్కలయందు నగలను జూచిన యా జైనాచార్యునియెడ నాకు మిక్కిలి గౌరవము.

ఇఁక సంఖ్య లోపలికిఁ బోవుదము. మొదట నొక చిన్న గుణము. 1, 2 కలిసిన 3. తరువాతి గడిలోనిది 4. 1, 2, 4 కలిసిన 7; తరువాతిది 8. ఏ గడియందైనను దానికి ముందున్న గడులన్నిటికంటె సరిగా నొక గింజ యెక్కువ యుండును. అఱువదినాలుగవ గడి యొక్కటియే ముందటి యఱువదిమూఁడింటిని మించును. ఈ గుణమును మఱువకుఁడు. తరువాత దీనితోఁ బనియున్నది.

రెండవది యంతకంటె సొగసైనది. 16ను 16చే హెచ్చించి యొకటి తీసినచో 255. అది 15ను 17చే హెచ్చించినదే. 256ను 256చే హెచ్చించి యొకటి తీసినచో 65,535. అది 255ను 257చే హెచ్చించినదే. ఏ సంఖ్యనైనను దానిచేతనే హెచ్చించి యొకటి తగ్గించినచో, దానికి ముందుదియు వెనుకదియు గుణించినట్లే యగును. చదరంగపు మొత్తము ఈ మెట్లమీఁదనే యెక్కివచ్చును. 3, దానికి 5 హెచ్చవేసిన 15, దానికి 17 హెచ్చవేసిన 255, ఆపైని 257, ఆపైని 65,537, తుదకు 4,294,967,297. ఈ యాఱు సంఖ్యల లబ్ధమే మన యిరువది యంకెలు. ఇందు మొదటి యైదును దేనిచేతను భాగింపఁబడని ప్రధానసంఖ్యలు. ఆఱవదియు నట్టిదే యని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుఁడు ఫెర్మా నమ్మినాఁడు. 1732లో ఆయిలరు అను విద్వాంసుఁడు దానిని 641 నిశ్శేషముగా భాగించునని చూపెను, లబ్ధము 6,700,417. ఇట్లు మన సంఖ్యకు మూలమైన ప్రధానసంఖ్య లేడు. ఏడును వేఱువేఱుగా నుండుటచే దానిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు మొత్తము 128. ఆ 128 యెక్కడిది? పలకమీఁద ఎనిమిదవ గడిలోని గింజల లెక్కయే! ఇది నాకుఁ దోఁచిన దినమున అన్నము మాడినను నేను విచారింపలేదు.

అట్లని యీ రెట్టింపు చదువుకొని యానందించుటకే యున్నదనుకొనరాదు. క్రిందటి యేఁడు మా వీధిలోని యొక యిల్లాలు సాయంకాలమున మా యింటికి వచ్చినది. పెనిమిటి రొయ్యల చెఱువులకడఁ గావలి. చేతిలో రంగుల కాగితమొకటి. ఐదువేల రూపాయలు కట్టి చేరవలయును. తనక్రింద ఇద్దఱను జేర్పవలయును. వా రిద్దఱును మఱి యిద్దఱిద్దఱను జేర్చినచోఁ దనకుఁ బదివేలు వచ్చును. ఆమె యప్పటికే కట్టివేసినది. ఇప్పు డిద్దఱు కావలయును. చెల్లెలును దోడికోడలును నున్నారు. తోడికోడలు గాజులు తాకట్టుపెట్టుటకు సిద్ధముగా నున్నది. “అక్కయ్యా, మీరు లెక్కలు తెలిసినవారు గదా, ఒక్కమాట చూచి చెప్పుఁడు” అన్నది.

నేను జింతగింజలు తెచ్చి వసారాలోఁ బఱచితిని. పైన నొకటి, క్రింద రెండు, దానిక్రింద నాలుగు, ఎనిమిది, పదునాఱు, ముప్పదిరెండు. ఆఱు వరుసలు, మొత్తము 63 గింజలు. డబ్బు వచ్చినవారెవరని యడిగితిని. తమక్రింద రెండు వరుసలు నిండినవారికే గదా వచ్చును? కావునఁ జివరి వరుసలోని ముప్పదిరెండుగురకును, పై వరుసలోని పదునాఱుగురకును లేదు. నలుబదియెనిమిదిమంది కట్టిరి, పదునైదుగురు పుచ్చుకొనిరి. మఱియొక వరుస చేర్చినను ఇంతే. ఇరువది వరుసలు చేర్చినను ఇంతే. ఏనాఁడు లెక్క చూచినను నలుగురిలో మువ్వురు పోఁగొట్టుకొన్నవారే. చివరి గడి ముందటి గడులన్నిటిని మించునని పైనఁ జెప్పితిని గదా, ఆ గుణమే యిచ్చట నిల్లు కూల్చును. పథకము నడపువాఁడు మంచివాఁడా చెడ్డవాఁడా యను ప్రశ్న యక్కఱలేదు. అతఁడు హరిశ్చంద్రుఁడైనను 1, 2, 4, 8 మాఱవు.

“అందఱును జేరుచుఁ బోయినచో?” అని యామె యడిగినది. న్యాయమైన ప్రశ్నయే. 2011 జనగణనమున నెల్లూరు జిల్లా జనము 29 లక్షల 63 వేల పైచిలుకు. ఇరువదియొక వరుసలకు 20,97,151 మంది కావలయును; ఇరువదిరెండు వరుసలకు 41,94,303. అనఁగా తొట్టెలోని బిడ్డలనుగూడఁ జేర్చినను ఇరువదిరెండవ వరుస జిల్లాలో నిండదు. ముప్పదియొకటవ వరుసకు భారతదేశము చాలదు. ముప్పదిమూఁడవ వరుసకు 2022లో 800 కోట్లకుఁ జేరిన లోకము చాలదు. అఱువదినాలుగు గడుల పలకలో మనుష్యజాతి సగమువఱకు మాత్రమే పోఁగలదు.

ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత గింజలు తానే యెత్తి గిన్నెలోఁ బోసినది. ఆమె యైదువేలు తిరిగి రాలేదు. తోడికోడలి గాజులు చేతులకే యున్నవి. పెట్టిన సొమ్ము రాఁబట్టుకొనవలెనని యింకొక యిద్దఱిని దింపుట యెంత సులభమో, దింపకుండుట యెంత కష్టమో ఆ యింటి పరిస్థితి తెలిసిన నాకుఁ దెలియును. ఇట్టి పథకములను నిషేధించుచు 1978లోనే మన దేశమునఁ జట్టము చేసియున్నారు. అయినను రంగుల కాగితములు, ఇప్పుడు కాగితములకు బదులు సెల్‌ఫోనులోని సందేశములు, పేరు మార్చుకొని వచ్చుచునే యున్నవి. చీటీపాటలతో దీనిని గలపరాదు. ఇరువదిమంది చీటీలో ఆ యిరువదిమంది సొమ్మే వారిలో వారికిఁ దిరుగును, క్రొత్తవారు రానక్కఱలేదు. దానికి వేఱు చట్టము 1982లో వచ్చినది. ఎవరైన నొక పథకము చెప్పినపుడు మీ రడుగవలసిన ప్రశ్న యొక్కటే: “ఇందు నాకు వచ్చు సొమ్ము నాక్రిందఁ జేరువారిదా?”

అప్పుకూడ రెట్టింపుజాతిదే, నడక మాత్రము నెమ్మది. వడ్డీపై వడ్డీ కట్టు బాకి యెన్నాళ్ళకు రెండింతలగునో తెలియుటకు 72ను వడ్డీచే భాగింపుఁడు. నెలకు నూటికి రెండు రూపాయలైనచో 36 నెలలు. మూఁడు రూపాయలైనచో 24. ఇది ఉరమరగాఁ జెప్పు లెక్కయే గాని యింటివాడుకకుఁ జాలును.

కాశీలోని యొక యాలయమున 64 బంగారు పలకలను ఒక స్తంభమునుండి మఱియొక స్తంభమునకు బ్రాహ్మణులు మార్చుచున్నారనియు, అది ముగిసిననాఁడు ప్రళయమనియు నొక కథ కలదు. కాశీకి వెళ్ళి వెదకకుఁడు. 1883లో ఎడ్వర్డు ల్యూకా అను ఫ్రెంచి పంతులు ఒక యాటవస్తువును విడుదలచేసినపుడు దానివెంటఁ బ్రచారములోనికి వచ్చిన కల్పన యది. చిన్నపలకపైఁ బెద్దపలక పెట్టరాదన్న నియమముతో 64 పలకలను మార్చుటకుఁ గావలసిన కదలికలు సరిగా మన సంఖ్యయే. సెకనునకొకటి చొప్పున 58,454 కోట్ల సంవత్సరములు. విశ్వము పుట్టి 1,380 కోట్ల యేండ్లే యైనదని ఖగోళజ్ఞులు చెప్పుచున్నారు. మూఁడు నాలుగు పలకలతో నాడినచోఁ బిల్లలకు మంచి యాట. ఇంటిలోని మూఁతలతో నాడవచ్చును.

మా తీరమునకు దక్షిణపుఁ గొసను శ్రీహరికోట యున్నది. 2022నుండి తిరుపతి జిల్లాలోఁ జేరినను మా వారికి నెల్లూరి పిల్లయే. అచ్చటినుండి రాకెట్టులు పైకిఁబోవునపుడు మే మందఱము మిద్దెలెక్కి చూతుము. ఆ పనికిఁ దోడ్పడు కంప్యూటరులకును ఈ సంఖ్యకును జుట్టరికము కలదు. అఱువదినాలుగు దీపములు వరుసగా నుంచి, ఒక్కొకటి వెలుఁగుటయో యాఱుటయో తప్ప వేఱు స్థితి లేదనుకొనుఁడు. కుడివైపు దీపమునకు విలువ 1, తరువాతిదానికి 2, తరువాత 4. అన్నియు వెలిఁగినచో 18446744073709551615. నేఁటి యంత్రములు చాలవఱకు సంఖ్యలను ఈ యఱువదినాలుగు దీపముల పెట్టెలలోనే యుంచుకొనును. నిండిన పెట్టెకు ఒకటి కలిపినచో దీపములన్నియు నాఱి సున్న యగును. పెద్ద పెట్టెలోని సంఖ్యను జిన్నపెట్టెలోఁ బోయఁబోయిన నేమగునో 1996 జూను 4న ఐరోపావారికిఁ దెలిసినది. అఱువదినాలుగు స్థానముల సంఖ్యనొకదానిని 32,767కు మించి పట్టని పదునాఱు స్థానముల పెట్టెలోనికి మార్పఁబోఁగా, ఏరియాన్ 5 అను వారి క్రొత్త రాకెట్టు నిమిషమైన గడవకమునుపే యాకసమున బ్రద్దలైనది. కుంచెఁడు వడ్లను సోలలోఁ బోయరాదని మన కెవరును జెప్పనక్కఱలేదు గదా!

వచ్చు మాసమునకు ఒక లెక్క. చదరంగపు గడులన్నిటిలోని వడ్లను ఏడుగురు కోడండ్రకు సమముగాఁ బంచవలయును. ఎన్ని గింజలు మిగులును? ఇరువది యంకెలను ఏడుచే భాగించుచుఁ గూర్చుండనక్కఱలేదు. మొదటి మూఁడు గడులలోని గింజలు మొత్తము ఎన్నియో చూడుఁడు. తరువాతి మూఁడు గడులలోనివి యెన్నియో చూడుఁడు. అఱువదినాలుగు గడులను మూఁడేసి చొప్పునఁ దీసినచోఁ జివర నెన్ని గడులు మిగులునో యెంచుఁడు. మీ యింటి యాఁడుపిల్లలచేత ముందుగాఁ జేయింపుఁడు. కార్డుమీఁద వ్రాసి పంపునపుడు ఆ పిల్ల పేరును వయస్సును దప్పక వ్రాయుఁడు.